చింతపండు పెట్టి తోమిన ఫ్రైడే ఫ్లిప్‌సైడ్

టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. నవ్వాలనుకుంటే చివర్లో అందరూ కలిసి నవ్వుకోండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే ఎక్కడిదాకా చెప్పానో మర్చిపోతా.

ఇంగ్లండ్ వాళ్ళు అరవైల్లో తీసి, పోగొట్టుకుని, ఇంక లేదు పొమ్మని చేతులు దులిపేసుకున్న టీవీ పాటల ప్రోగ్రాం ఒకటి ఈ కెనడాలో, మన హాలిఫాక్స్‌లో నేను వెతికి పట్టుకున్నా. నేనే, హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీసుకునే రత్నకుమారిని. అక్కడిదాకా బానే ఉంది. పట్టుకున్నదాన్ని మళ్ళీ నా చేతుల్తో నేనే గంగలో కలపబోయా. దేంతో అనుకున్నారు? చింతపండుతో.

మొదట్నించీ చెప్తా. మార్గరెట్ ఆంటీ మీలో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: మన తెలుగు ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నం ఏ చర్చి బేస్‌మెంట్‌లో కూడుకుంటుందో, అదే చర్చికి పొద్దుట ఇంగ్లీషు ఆరాధనకి వచ్చే పెద్దావిడ. ఎనభై దాటేశాయి. పుట్టి పెరిగింది లివర్‌పూల్ పక్కన, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయింది. పొద్దుటి ఆరాధన అయ్యాక ఇంటికెళ్ళచ్చుగా, వెళ్ళదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మన ఆరాధన మొత్తం కూర్చుంటుంది. అదంతా భక్తి అనుకునేరు. నా పులిహోర కోసం. దాన్ని ఆవిడ "రత్నాస్ యెల్లో రైస్" అంటుంది, మన కన్నా ముందు ప్లేటు పట్టుకుని నిలబడుతుంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం బయట మంచు దంచేస్తోంది, బస్సులు ఆగిపోయాయి. నేనూ ఆవిడా చర్చి కిచెన్‌లో గిన్నెలు తుడుస్తున్నాం. ఎవరి ఫోన్లోనో పాట మోగుతోంది. ఆంటీ తువ్వాలు భుజాన వేసుకుని కాలు కదపడం మొదలుపెట్టింది. "ఏంటి ఆంటీ, ఈ వయసులో" అన్నా. "నేను టీవీలో డాన్స్ చేశాను తెలుసా" అంది. ఆవిడ ఇంగ్లీషులోనే అంది, నేను మన మాటల్లో చెప్తున్నా.

ఆ రోజుల్లో అక్కడ ఫ్రైడే ఫ్లిప్‌సైడ్ అని ఒక ప్రోగ్రాం వచ్చేదట. ప్రతి శుక్రవారం సాయంత్రం, లైవు. పాడేవాళ్ళు మధ్యలో పాడుతుంటే చుట్టూ కుర్రకారంతా డాన్స్ చేస్తుంటారు. ఈస్టర్ వారం వచ్చిన దాంట్లో మార్గరెట్ ఆంటీ, ఆవిడ చెల్లెలు డోరీన్ ఇద్దరూ డాన్స్ చేశారు. లైవు కాబట్టి తమని తాము చూసుకునే వీలు లేదు. మళ్ళీ వేస్తారేమోనని ఎదురుచూశారు, వెయ్యలేదు. ఆ తరవాత రెండేళ్ళకి డోరీన్ జబ్బు చేసి పోయింది. ఆ పిల్లది ఆంటీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అందులోనూ కళ్ళు మూసుకుని ఉంటుంది.

"డోరీన్ నవ్వితే ఎలా ఉండేదో నేను మర్చిపోతున్నట్టుంది రత్నా" అంది ఆంటీ. "ఒక్కసారి ఆ ప్రోగ్రాం చూడాలి. కానీ అది లేదు. చెరిపేశారు."

"చెరిపేయడమేంటి?" అన్నా.

అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదట. ఒక ప్రోగ్రాం అయిపోగానే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్ళట. పాటలూ, ఆ పిల్లలూ, ఆ డాన్సులూ అన్నీ అలాగే పోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రపంచాన్నంతా ఏలారు, ఒక అల్మారాలో నాలుగు టేపులు పెట్టుకోలేకపోయారా? ఉన్నదాన్ని ఎవరైనా చేతులారా చెరుపుకుంటారా, బుద్ధున్నవాళ్ళెవరైనా? ఈ మాట నేను గట్టిగా, నలుగురు వినేలా అన్నాను. గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

"ఆంటీ, నేను వెతికిపెడతా" అన్నా. ఎందుకనంటే, పోయినదాన్ని వెతకడంలో నాకున్న పేరు అలాంటిది. మా ఆయన కళ్ళజోడు, మా అమ్మాయి ఇయర్‌బడ్లు, ఫెలోషిప్ తబలా సుత్తి, ఏది పోయినా నాకే ఫోన్. హాస్పిటల్లోనూ అంతే, ఎముకలో వెంట్రుకంత చీలిక ఉన్నా నా కంట పడకుండా పోదు. నేను చెప్పానంటే జరిగి తీరుతుంది. మా ఆయన విజయ్ మాత్రం, "ఇంగ్లండులో పోయినదాన్ని కెనడాలో వెతకడమేంటి" అన్నాడు. "మీ కళ్ళజోడు బాత్రూంలో పోతే ఫ్రిజ్‌లో దొరకలేదా" అన్నా.

నిజానికి నేను ఊరికే అనలేదు. చదివా. ఆ కాలంలో టేపు చెరిపేముందు కొన్ని ప్రోగ్రాములని ఫిల్ము మీదికి ఎక్కించి బయటి దేశాలకి పంపేవాళ్ళట. అలా కొన్ని కెనడాకీ వచ్చాయి. ఇక్కడి టీవీ స్టేషన్లు వేసుకుని, తరవాత పారేశాయి. పారేసినవాటిలో కొన్నిటిని ఎవరో ఒకరు ఇంటికి పట్టుకెళ్ళి దాచారు. అంటే కాపీ ఎక్కడో ఎవరి అటకమీదో ఉండి ఉండచ్చు.

వెంటనే మన హాలిఫాక్స్ తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టా: "మీ దగ్గర గానీ, మీ ఇంటి ఓనర్ల దగ్గర గానీ పాత రీల్స్ ఉంటే దయచేసి వెంటనే తెలపగలరు. చాలా అవసరం. రత్న ఆంటీ."

ఇంకేముంది. కాలేజీ పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ గ్రూపులో, అందరూ పంపేశారు. ఒకడు బీచిలో గంతులేస్తున్న రీలు. ఒకమ్మాయి మంచులో చీర కట్టుకుని తిరుగుతున్న రీలు. కరీంనగర్ అబ్బాయొకడు, కాఫీ షాపులో పార్ట్‌టైం చేస్తాడు, ప్రైవేటుగా మెసేజ్ పెట్టాడు: "ఆంటీ, పాతయి డిలీట్ చేసిన. కొత్తయి ఉన్నయ్, నడుస్తయా? లైక్ కొట్టుర్రి." అందరికీ లైక్ కొట్టా, ఏం చేస్తాం. రెండ్రోజులు నా ఫోన్ మోగుతూనే ఉంది. మా అమ్మాయి చూసి, "మామ్, యు ఆర్ సో కన్‌ఫ్యూజ్డ్" అంది. నాకేం కన్‌ఫ్యూజన్ లేదు. మాట మారిపోయింది, అంతే. మా కాలంలో రీలంటే డబ్బాలో ఉండేది.

దొరికింది మాత్రం ఎక్కడో కాదు, మన చర్చి బేస్‌మెంట్‌లోనే. ఈస్టర్‌కి ముందు స్టోర్ రూం సర్దే డ్యూటీ నాది. పాత కర్టెన్ రాడ్లు, విరిగిన కుర్చీలు, వాటి వెనక ఒక అట్టపెట్టె. అందులో దోసె పెనం అంత గుండ్రటి ఇనప డబ్బా. తుప్పుపట్టి, బూజుపట్టి, చూస్తే చెయ్యి పెట్టబుద్ధి కాదు. దాని మీద పచ్చగా మారిపోయిన కాగితం అంటించి ఉంది, పైన టైపు చేసిన అక్షరాలు. "ఫ్రైడే ఫ్లిప్..." ఆ తరవాతిది మరకలో పోయింది. వంగి మళ్ళీ చదివా. చర్చి పెద్దల్ని అడిగితే చెప్పారు, ఎప్పుడో పోయిన ఒక మెంబరు ఇక్కడి టీవీ స్టేషన్లో పనిచేసేవాడట, పారేసే ఫిల్ములు తెచ్చి సండే స్కూల్ పిల్లలకి చూపిద్దామనుకునేవాడట. డబ్బా తీసుకెళ్ళమ్మా అన్నారు.

ఇక్కడ మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. రీలు డబ్బా, స్వీట్ల డబ్బా తారుమారైపోయి ఉంటుంది, రత్న అరిసెల డబ్బా పట్టుకెళ్ళి ఉంటుంది అని కదూ. అంత తెలివితక్కువదాన్ని కాదమ్మా నేను. నాది వేరే తెలివి.

ఊళ్ళో పాత ఫిల్ములు భద్రపరిచే ఆర్కైవ్స్ ఒకటుంది. అక్కడ డేనియల్ అని ఒకాయన చూసుకుంటాడు. ఫోన్ చేశా. పేరు వినగానే ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. ఫ్రైడే ఫ్లిప్‌సైడ్‌వి ప్రపంచంలో ఒక్క ఎపిసోడూ మిగల్లేదట. "దయచేసి దాన్ని ఏమీ చెయ్యకండి. ఉన్నది ఉన్నట్టు తీసుకురండి" అన్నాడు. గురువారం రమ్మన్నాడు. ఆంటీకి చెప్తే చేతిలో కప్పు కింద పెట్టేసి, "ఏం కట్టుకురాను?" అంది. పెళ్ళిచూపులకి అడిగినట్టు అడిగింది.

బుధవారం ఆ డబ్బాని కిచెన్ కౌంటర్ మీద పెట్టి చూశా. ఆ తుప్పు, ఆ బూజు. అంత పెద్ద ఆఫీసుకి, అంత చదువుకున్నాయన దగ్గరికి, ఆంటీ అంత ముచ్చటగా తయారై వస్తుంటే, దీన్ని ఇలా పట్టుకెళ్ళడమా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు, తెలుగువాళ్ళు ఇలా ఉంచుకుంటారు కాబోలు అనుకోరూ? ఆయన ఏమీ చెయ్యకండి అన్నాడు నిజమే. కానీ తోమడం చెయ్యడం కిందికి వస్తుందా? తోమడం తోమడమే.

నేనేం పిచ్చిదాన్ని కాదు, రీలు ముందు జాగ్రత్తగా బయటికి తీశా. ఉతికిన మెత్తటి కాటన్ చీర ముక్కలో చుట్టి పక్కన పెట్టా. డబ్బా ఫోటో తీసి తెనాలిలో మా సువార్తక్కకి పంపా, "ఈ తుప్పు చూడవే, రేపటికి ఎలా చేస్తానో చూడు" అని. ఇంక చింతపండు నానబెట్టి, కాస్త ఉప్పు వేసి, పీచు చుట్టతో పట్టానండీ. ముందు ఆ కాగితం అడ్డం వచ్చింది. నానిపోయి అదే ఊడింది, తీసి పారేశా. కాగితానికి దిగువన డబ్బా మీద పెన్సిల్‌తో ఏవో పిచ్చి గీతలుంటే అవీ పోయేదాకా రుద్దా. అరగంటలో డబ్బా పెళ్ళికూతురి కంచంలా తళతళలాడిపోయింది. మొహం చూసుకోవచ్చు. చూసుకున్నా కూడా. రీలుని చీర ముక్కతో సహా మళ్ళీ అందులో పెట్టేశా.

దాని ఫోటో తీయబోతే ఫోన్ స్టోరేజ్ ఫుల్ అంది. సువార్తక్క రోజూ పంపే గుడ్‌మార్నింగ్ గులాబీలే సగం ఫోను నిండా. ఆ చాట్ మొత్తం క్లియర్ చేశా. గ్యాలరీలో తుప్పు డబ్బా ఫోటో కనిపించింది. అందమైనది ఉండగా ఈ దరిద్రం ఎందుకని అదీ తీసేశా. హాయిగా కొత్త ఫోటో తీసుకున్నా.

గురువారం హార్బర్ అవతలి డార్ట్‌మత్ నించి ఫెర్రీ పడవ ఎక్కాం, నేనూ ఆంటీ. ఆంటీ నీలం గౌను, ముత్యాల దండ, పెదాలకి రంగు. డబ్బా నా ఒళ్ళో. ఎండ పడి అది మెరుస్తుంటే ఎదురు సీట్లో ఆయన కళ్ళు చికిలించుకున్నాడు. నాకు లోపల గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

డేనియల్ తెల్ల గ్లవ్స్ వేసుకుని టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరిచి రెడీగా ఉన్నాడు. నేను డబ్బా పెట్టా. ఆయన చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది కొత్త డబ్బానా?" అన్నాడు.

"లేదండీ, అదే డబ్బా" అన్నా, మెచ్చుకుంటాడని.

మెచ్చుకోలేదు. నెమ్మదిగా మూత తీశాడు. వంగి వాసన చూశాడు. అంతే, మొహం మారిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి మూత పెట్టేశాడు. పాత ఫిల్ముకి ఒక జబ్బుంటుందట, వినెగర్ సిండ్రోమ్. ఫిల్ము లోపల్నించి కుళ్ళిపోతుంటే పుల్లటి వాసన వస్తుంది. అది పక్క రీళ్ళకి కూడా అంటుకుంటుందట. "ఇంత ఘాటుగా ఉందంటే ఇది ఆఖరి స్టేజ్. దీన్ని వెంటనే వేరే గదిలో పెట్టాలి. లోపల బొమ్మ మిగిలి ఉంటుందని నేను చెప్పలేను, ఐయామ్ సారీ" అన్నాడు.

ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. "అంటే డోరీన్ లేనట్టేనా?" అంది చిన్నగా. ఆ గొంతు వింటే నా ప్రాణం ఉసూరుమంది. వాసన దేనిదో నాకు అప్పటికే అనుమానం వచ్చింది. కానీ ఇంత గొప్పగా తీసుకొచ్చిన మనిషిని, తోమానండీ అని ఎలా చెప్పను? ఒక్క నిమిషం ఆగి చెప్దాం, కాస్త మంచి మాటలు చూసుకుని చెప్దాం అని ఆలోచిస్తున్నా.

ఈలోగా ఆంటీ లేచింది. ఆఖరిసారి చూసుకుంటానంటే డేనియల్ మూత కొంచెం తీశాడు. ఆవిడ వంగింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. నిటారుగా నిలబడి నా వైపు తిరిగింది.

"డేనియల్, ఇది వినెగర్ కాదు. ఈ వాసన నాకు బాగా తెలుసు. ఇది రత్నాస్ యెల్లో రైస్."

ఇంక దాచేదేముంది. చెప్పేశా, చింతపండు, ఉప్పు, పీచు చుట్ట, అన్నీ. డేనియల్ సన్నటి పనిముట్టు తీసుకుని డబ్బా అంచు మడతలో గీకాడు. చింతపండు పీచొకటి వచ్చింది. దాన్ని లైటు కింద పెట్టి చూశాడు. నేనైతే భూమిలోకి వెళ్ళిపోదామనుకున్నా. ఆయన రీలు ఒక్కటే విడిగా తీసి, నా కాటన్ చీర ముక్క విప్పి వాసన చూశాడు. "రీలు బానే ఉంది, దీనికేం జబ్బు లేదు" అన్నాడు. ఆంటీ కుర్చీలో కూలబడి రెండు చేతులూ మొహానికి పెట్టుకుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అదిగో చూశారా, చీర ముక్కలో చుట్టింది ఎవరు అని అనబోయి, మానేశా.

"సరే, డబ్బా మీద లేబుల్ ఉందా?" అన్నాడు డేనియల్.

"ఉండేది" అన్నా.

చూడండి, మన భాషలోనే కాదు, ఇంగ్లీషులో కూడా ఆ "ఉండేది" అన్న మాట చాలా చిన్నది. అది చెప్పడానికి నాకు చెమటలు పట్టాయి.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. రీలు పైచుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి, మొదట్లో పేర్లు పడే ముక్క తెగిపోయింది. ఇక్కడ విప్పితే చిరుగుతుంది, వేరే ఊళ్ళో ల్యాబుకి పంపాలి. అక్కడ రీళ్ళు వరసలో ఉన్నాయి, ఏళ్ళు పడుతుంది. ఇది ఫలానా పోయిన ప్రోగ్రాం, ఫలానా ఎపిసోడ్ అని చూపించడానికి ఏదైనా ఉంటే మాత్రం వరస దాటించి ముందుకి తీసుకుంటారు. "మీరు చెప్పింది నేను నమ్ముతా రత్నా, కానీ వాళ్ళకి చూపించడానికి నాకేదో ఒకటి కావాలి" అన్నాడు.

ఏళ్ళు. ఆంటీ వైపు చూశా. ఆవిడ తన చేతుల వైపు చూసుకుంటోంది. ఎనభై దాటిన మనిషికి ఆ మాటకి లెక్క వేరే ఉంటుంది.

"ఫోటో ఉంది!" అన్నా ఒక్కసారిగా. ఫోన్ తీశా. గ్యాలరీ తెరిచా. తళతళలాడే డబ్బా, నాలుగు యాంగిల్స్‌లో. అందులో నా మొహం. తుప్పు డబ్బా లేదు. ట్రాష్‌లో చూద్దామంటే అదీ ఖాళీ చేసేశా, స్టోరేజ్ కోసం. ఉన్నదాన్ని చేతులారా ఎవరైనా చెరుపుకుంటారా, బుద్ధున్నవాళ్ళెవరైనా అన్నానే, అది గుర్తొచ్చింది. ఆంటీకి కూడా గుర్తొచ్చే ఉంటుంది. మంచిది కాబట్టి ఏమీ అనలేదు.

అప్పుడు తట్టింది, సువార్తక్క.

మా అక్క టీచరుగా చేసి రిటైరైంది. ఫోన్లో ఏదీ చెరపదు. నేను ఎన్నిసార్లు తిట్టానో, ఫోన్ నత్తలా నడుస్తోంది, పాతవి తీసెయ్యవే అని. తీయదు. వెంటనే వీడియో కాల్ చేశా. అక్కడ సాయంత్రం. తెర మీద మా అక్క ఇంటి సీలింగ్ ఫ్యాను కనిపించింది, అక్క మాట మాత్రమే వినిపిస్తోంది.

"అక్కా, నేను నిన్న పంపిన తుప్పు డబ్బా ఫోటో ఉందా?"

"ఎందుకుండదే? ప్రేమగా పంపినది చెరిపేస్తే మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపినట్టు కాదూ" అంది. "ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ."

డేనియల్, ఆంటీ ఇద్దరూ నా భుజాల మీంచి ఆ ఫ్యానునే చూస్తున్నారు. అక్క వెతుకుతూ, "ఇది మీ అమ్మాయి బర్త్‌డే... ఇది నువ్వు పంపిన పెరుగువడ... అబ్బో, ఇందులో ఎంత లావైపోయావే" అని ఒక్కొక్కటీ చెప్తోంది. అక్కా తొందరగా అంటే తిడుతుంది, ఊరుకున్నా.

"ఆ, ఇదిగో. ఛీ, ఏం తుప్పే ఇది. కాగితం మీద ఫ్రైడే ఫ్లిప్, తరవాత మరక. కింద పెన్సిల్‌తో సన్నగా ఏదో ఉంది. ఉండు పెద్దది చేస్తా. ఈ... ఏ... ఎస్... టీ..." బళ్ళో పిల్లల చేత చదివించినట్టు చదివింది. "ఈస్టర్ అని ఉందే. ఏంటిది, పండక్కి కేకులు పంపిన డబ్బానా?"

ఆంటీకి తెలుగు రాదు, కానీ ఈస్టర్ అన్నది ఏ భాషలో అయినా ఈస్టరే. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా. నా వేళ్ళు నొప్పి పుట్టాయి, అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ పెన్సిల్ గీతలే నేను పిచ్చి గీతలని రుద్ది రుద్ది తీసేసినవి. ఎముకలో వెంట్రుకంత చీలిక పట్టుకునే కళ్ళు నావి.

అక్క ఫోటో పంపింది. డేనియల్ దాన్ని చూసి మొదటిసారి నవ్వాడు. "మా పనంతా ఇంతే రత్నా. దగ్గరున్నవాళ్ళు చెరిపేస్తారు. దూరాన ఉన్నవాళ్ళు ఎవరో దాస్తారు. వాళ్ళని వెతుక్కోవడమే" అన్నాడు. ఆయన ఊరడింపుగానే అన్నాడు. నాకు మాత్రం వాతపెట్టినట్టే ఉంది.

ఆ ఫోటో చూసి ల్యాబువాళ్ళు రీలుని ముందుకి తీసుకున్నారు. పోయిన వారం ఆర్కైవ్స్ నించి డేనియల్ పిలిచాడు. మళ్ళీ ఫెర్రీ, మళ్ళీ నీలం గౌను. ఈసారి మా ఆయన కూడా వచ్చాడు, ఇంకా ఏం చేస్తానో చూద్దామని. చిన్న గదిలో తెర మీద వేశారు. నలుపూ తెలుపూ, అక్కడక్కడా గీతలు, పాట వెనక పోపు వేసినట్టు చిటపటలు. పాడేవాడు పాడుతున్నాడు. చుట్టూ పిల్లలు ఊగిపోతున్నారు.

ఆంటీ సీటు అంచుకి జరిగింది. "అదిగో, ఆ స్తంభం పక్కన మేం ఉంటాం" అంది. కెమెరా అటు తిరిగింది. ఎడమ పక్క నించి ఒక మోచెయ్యి వచ్చింది, చుక్కల గౌను చెయ్యి. ఆ మోచెయ్యి పక్కనున్న పిల్లని పొడిచి ముందుకి తోసింది. ఆ పిల్ల తూలి, కెమెరాకి సరిగ్గా ఎదురుగా వచ్చి, సిగ్గుపడి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. కళ్ళు బాగా తెరుచుకునే ఉన్నాయి.

"డోరీన్" అంది ఆంటీ.

నాకు ఏడుపాగలేదు, మా ఆయన కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆంటీ మొత్తం ప్రోగ్రాంలో ఇంకెక్కడా లేదు. ఒక్క మోచెయ్యి. "అయ్యో ఆంటీ, మీ మొహం పడనే లేదు" అన్నా. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా, "నాకెందుకు, నా మొహం రోజూ అద్దంలో చూస్తున్నా. ఆ మోచెయ్యి నాదే, చెయ్యాల్సిన పని చేసింది" అంది. మళ్ళీ వెయ్యమంది. వేశారు. మళ్ళీ వెయ్యమంది.

ఇంటికొచ్చాక చల్లగా ఆ ఆర్కైవ్స్ వెబ్‌సైటు చూస్తే, ఫిల్ములు ఇచ్చేవాళ్ళకి సూచనలు అన్నచోట కొత్త లైను చేరింది: దయచేసి డబ్బాలను తినే పదార్థాలతో శుభ్రం చేయకండి. పేరు పెట్టలేదు పాపం. మా ఆయనకి చూపించి, "చూశారా, నావల్ల కెనడాలో రూల్సే మారిపోయాయి" అన్నా. "చింత చచ్చినా పులుపు చావలేదు" అన్నాడు. ఈయనకి సామెతలు ఎప్పుడు గుర్తొస్తాయో.

మొన్న ఆదివారం పులిహోర ప్లేటు ఖాళీ చేసి ఆంటీ ఒక మూట నా చేతిలో పెట్టింది. విప్పితే ఇత్తడి పళ్ళెం, వాళ్ళమ్మదట, నల్లగా అయిపోయింది. "నీ యెల్లో రైస్ పెట్టి దీన్ని మెరిపించగలవా రత్నా" అంది. పళ్ళెం వెనక ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి.

ఇంటికి తెచ్చి తోమకముందే వెనకా ముందూ ఫోటోలు తీసి సువార్తక్కకి పంపా. వెంటనే గులాబీ వచ్చింది. అప్పుడు నానబెట్టా చింతపండు. ఇంక నాకేం భయం, నేను ఏది చెరిపినా తెనాలిలో కాపీ ఉంటుంది.